విదేశాలలో వైద్యవిద్య – మన బిడ్డలకు తోడెవరు?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ డెబ్బది అయిదు సంవత్సరాల చరిత్రను గురించి నాకంటె పెద్దలు, ఈ బడిని మొదటినుండి ఎరిగినవారు ఇంతకుముందే మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం “మన విద్యార్థులు – ఉన్నత విద్య”. అది సముద్రం వంటిది. అందులో నుండి ఒక్క చెంబెడు నీళ్లు మాత్రమే ముంచుకొని వచ్చాను. వైద్యవిద్యకై విదేశాలకు వెళ్లిన మన పిల్లలు అక్కడ రోజులు ఎలా గడుపుతారు, ఎవరితో స్నేహం చేస్తారు అన్నదే నేడు నేను చెప్పదలచినది.

పాస్‌పోర్టుకు కావలసిన సర్టిఫికెట్ల కోసం నా గదికి వచ్చే తల్లిదండ్రులు నన్ను మూడు ప్రశ్నలు తప్పక అడుగుతారు. ఖర్చు ఎంత అవుతుంది? ఆ పట్టా మన దేశంలో చెల్లుతుందా? ఎన్నేళ్లు చదవాలి? నాల్గవ ప్రశ్న ఒకటి ఉన్నది. అక్కడ నా బిడ్డ ఎవరితో కూర్చొని అన్నం తింటుంది? దానిని ఎవరూ అడగరు. చాలా కాలం నేను కూడ అడగలేదు.

మొదటి మూడు ప్రశ్నలకు సమాధానాలు కాగితాల మీద దొరుకుతాయి గనుక త్వరగా చెప్పి ముగిస్తాను. 2018 నుండి విదేశాలలో వైద్యం చదవగోరేవారు కూడ నీట్ పరీక్షలో అర్హత పొందవలసి ఉన్నది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ చేసిన నిబంధనల ప్రకారం చదువు 54 నెలలకు తగ్గరాదు, బోధన ఆంగ్లంలో జరగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగి వచ్చిన పిమ్మట 300 మార్కుల అర్హతా పరీక్షలో 150 తెచ్చుకొని, మరల ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏజెంట్లు పంచే రంగురంగుల కాగితాలలో మంచు కురిసే వీధుల బొమ్మలు ఉంటాయి గాని, ఈ సంగతులు అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలలో ఉంటాయి, లేదా అసలే ఉండవు. కళ్లజోడు పెట్టుకొని చదవండి.

ఈ దారి తెలుగువారికి కొత్తది కాదు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పాఠం నేను తరగతిలో ఎన్ని పర్యాయాలు చెప్పానో లెక్క లేదు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన బాలుడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిన యువకుడు. తోబుట్టువులు ఇద్దరిని స్ప్రూ వ్యాధి కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. 1920ల ఆరంభంలో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. 1925లో సహచరుడు ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరిన పిదప ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి మందు అయినది అదే.

పట్టుదలకు ఉదాహరణగా ఈ పాఠం చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అయితే ఆ పాఠంలో నేను చదివి వదలివేసిన వాక్యం ఒకటి ఉన్నది. సుబ్బారావుగారు మరల స్వదేశానికి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన భార్య శేషగిరిగారు ఆయనను తిరిగి చూడలేదు. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డను ఎత్తుకొన్నదీ లేదు. పరీక్షలో ఈ వాక్యం మీద ప్రశ్న రాదు గనుక నేను అక్కడ ఆగేదాన్ని కాను. ఇప్పుడు ఆగుతాను. ఆగడం నాకు నేర్పినది మన బడిలో చదివిన ఒక అమ్మాయి. ఆమె అనుమతితోనే ఈ సంగతులు చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను. మీలో కొందరు పోల్చుకొంటారు, పోల్చుకొన్నా ఊరుకోండి.

ఆమె తండ్రి కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కర్మాగారంలో లెక్కలు రాసేవారు. తల్లి పుట్టిల్లు విరుదునగర్ పక్కన పల్లె. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వలన ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరిగా చదివిన మొదటి వరుస పిల్లలలో ఆమె ఒకతె. ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో రెండూ. మన కరిసల్ భూమిలో ఇది వింత గాదు. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు ఇంట తెలుగు మాట్లాడుతూనే తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నారు గదా!

2018లో ఆ అమ్మాయి నీట్‌లో అర్హత పొందినది గాని, ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. ప్రైవేటు కళాశాల ఫీజు వినడానికే భయం. తండ్రి నా గదిలోకి వచ్చి, చేతులు కట్టుకొని, “అమ్మా, బిడ్డ డాక్టరు కావాలంటా ఉండాది. ఉక్రెయిన్‌కు పంపమంటా ఉండారు. మీరు ఏమి చెప్తే అది” అన్నారు. మూడు ఎకరాల నల్లరేగడి తాకట్టు పెట్టవలసిన వ్యవహారం. నేను పత్రాలు చూశాను, విశ్వవిద్యాలయం గుర్తింపు చూశాను. పంపండి అన్నాను. ఆ మాట నాది.

ఆ సెప్టెంబరులో తండ్రీ కూతుళ్లు నెల్లై ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైకి, అక్కడి నుండి అమ్మాయి విమానంలో ఖార్కివ్ నగరానికి వెళ్లారు. పెట్టెలో బియ్యం వండే కుక్కరు, పప్పుల పొడి, అవ్వ దంచి ఇచ్చిన మిరపపొడి, రెండు కిలోల కోవిల్‌పట్టి కడలై మిఠాయి.

అక్కడి చదువు తీరు కొంచెం చెప్పాలి. మన కళాశాలలలో వలె ఏడాది చివర ఒక్క పరీక్షతో తేలేది గాదు. ప్రతి తరగతిలోను పది పన్నెండు మందిని కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకొని, ఆ పూటే అంకె వేస్తారు. అయిదు ఉత్తమం, రెండు వస్తే తప్పినట్లు. జ్వరం వచ్చి ఒక్క తరగతికి పోకపోయినా, రెండు అంకె వచ్చినా, ఆ పాఠాన్ని అదే విభాగానికి పోయి, వేళ గాని వేళ ఉపాధ్యాయుల ముందు కూర్చొని తీర్చుకోవాలి. దానిని ‘ఒత్రబోత్క’ అంటారు. అది అప్పు వంటిది. తీర్చకపోతే పేరుకొంటుంది, పేరుకొన్నకొద్దీ ఆ గడప తొక్కడానికి భయం వేస్తుంది.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి. బయట గడ్డకట్టే చలి. మన ఊళ్లో కార్తిక మాసంలో కూడ చెమట తుడుచుకొనే పిల్ల. వసతిగృహంలో అంతస్తుకు ఒక ఉమ్మడి వంటగది. ఒక చివర ఆంధ్ర, తెలంగాణ పిల్లలు, ఇంకొక చివర తమిళ పిల్లలు. ఈమె గదిలో తోడు మొరాకో దేశపు అమ్మాయి.

ఒకనాడు వంటగదిలో ఈమె, పొయ్యి దగ్గర నిలుచున్న గుంటూరు అమ్మాయిని “ఎర్రగడ్డ ఒకటి ఇస్తావా?” అని అడిగింది. మనం ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాము. ఆ అమ్మాయి గదిలోకి పోయి ఒక బీట్‌రూటు తెచ్చి ఇచ్చింది! ఎర్రగా ఉన్న గడ్డ అదే గదా, ఆ దేశంలో ఏ అంగడిలో చూచినా అదే గదా, పాపం. అందరూ నవ్వారు. “ఇదెక్కడి తెలుగే?” అన్నారట ఎవరో. ఇంట్లో వినే మాటకే నవ్వు వచ్చేసరికి ఈమె మనసు చిన్నబోయింది. ఆ తర్వాత ఆ చివరకు పోలేదు. ఈ చివరకు పోతే, “నువ్వు తెలుగుదానివి గదా” అన్నట్లు ఉండేది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. గదిలోనే కుక్కరు పెట్టుకొని ఒంటరిగా తినసాగింది.

నవంబరులో జ్వరం వచ్చి మూడు తరగతులు పోయాయి. శరీర నిర్మాణశాస్త్రంలో వరుసగా రెండు అంకెలు పడ్డాయి. జనవరి నాటికి తీర్చవలసిన తరగతులు పద్నాలుగు. పగలు పడుకోవడం, రాత్రి మేలుకోవడం. ఆదివారం ఇంటికి ఫోను చేసి “బాగుండాను నాయనా” అనేది. పొంగలి నాడు నాకు చేసింది. “బాగుండాను టీచర్” అన్నది. చాల సంతోషం తల్లీ అని నేను ఫోను పెట్టివేశాను. ముప్పది ఏళ్లుగా పిల్లల ముఖాలు చూచి అబద్ధం పట్టగలనని అనుకొనేదాన్ని. గొంతు విని పట్టలేకపోయాను.

పట్టినది మొరాకో అమ్మాయి. ఆమెకు మన భాష ఒక్క ముక్క రాదు. కాని తిండి మానిన మనిషిని చూస్తే తెలుస్తుంది. ఈ పిల్ల భాషలో మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా అని ఆమె తలుపులు తట్టింది. మొదట తమిళ పిల్లల గది. “ఆమె తెలుగమ్మాయి, ఆ చివర అడుగు” అన్నారు. ఆ చివరకు పోతే, “ఆమెది తమిళనాడు, ఈ చివర అడుగు” అన్నారు. ఒకరికి కూడ చెడు తలంపు లేదు. ఆమెకు తనవారు ఉన్నారనే ఇరుపక్షాలవారూ అనుకొన్నారు. రెండు ఇళ్ల చుట్టం ఎక్కడో ఒకచోట తిన్నదనే లెక్క గదా.

మూడవ పర్యాయం తట్టిన తలుపు బీట్‌రూటు ఇచ్చిన గుంటూరు అమ్మాయిది. ఆమె వచ్చి మంచం పక్కన కూర్చొని, ఫోనులో తండ్రి నంబరుకు చేయబోతే ఈమె చేయి పట్టుకొని వద్దని ఏడ్చిందట. అప్పుడు ‘హెడ్‌మిస్ట్రెస్’ అని ఉన్న నంబరు చూచి నాకు చేసింది. రాత్రి పదకొండున్నర. “టీచర్ గారూ, మీరు నాకు తెలియదు. మీ స్టూడెంటు నాలుగు రోజులుగా అన్నం తినలేదు” అన్నది.

నేను ఏమి చేశానో చెప్పి తీరాలి. తండ్రికి చెప్పలేదు. చెప్పవద్దని అమ్మాయి బతిమాలింది. భూమి తాకట్టులో ఉన్న మనిషికి ఈ మాట చెబితే ఏమవుతుందో అని నేను కూడ భయపడ్డాను. నీవే నోరు తెరచి చెప్పాలి, నెల రోజులు గడువు అన్నాను. ప్రతి రాత్రి పది గంటలకు, అక్కడ ఆరున్నర వేళ, ఫోను చేశాను. నలుబది రోజులకు ఆమె తండ్రితో చెప్పినది. మరునాడు ఆయన బడికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, “అమ్మా, మీరు చెప్పి ఉండాల్సింది” అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. ఆయన నేడు ఈ సభలో ఉన్నారు. ఆ మాటకు అప్పుడు జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. అవును, చెప్పి ఉండవలసింది. ఆ నలుబది రోజులలో జరగరానిది జరిగి ఉంటే ఏ ముఖంతో మీ ఇంటి గడప తొక్కేదాన్ని?

అమ్మాయి కోలుకొన్నది నా ఫోను వలన కాదు. గుంటూరు పిల్ల ఆమెను విశ్వవిద్యాలయపు వైద్యురాలి దగ్గరకు తీసుకొనిపోయింది. వంటగదిలో కాగితం అంటించి వంతులు రాసింది. సోమవారం నీవు, మంగళవారం నేను, బుధవారం మొరాకో. అటు చివర నుండి శివకాశి అమ్మాయి ఒకతె తానూ వస్తానని చేరింది. ఎర్రగడ్డ, ఉల్లిపాయ, వెంగాయం మూడూ ఒక్కటేనని గోడ మీద రాశారు. మొరాకో అమ్మాయి కింద తన భాషలో నాల్గవ పేరు రాసింది. పాఠాల అప్పు తీర్చే రోజుల్లో ఆ నలుగురిలో ఎవరో ఒకరు శరీర నిర్మాణ విభాగం తలుపు బయట బెంచీ మీద కాచుకొని కూర్చొనేవారు. మే నెలకు పద్నాలుగూ తీరాయి. అటుపై ఆ అంతస్తులో రెండు చివరలవారికి తగవు వస్తే తీర్చేది మన అమ్మాయే. ఎవరికీ చెందని మాటే ఆమెకు రెండు పక్షాల చనువు తెచ్చిపెట్టింది.

రష్యన్ భాష నేర్పినది వసతిగృహం తుడిచే ఒక వృద్ధురాలు. తరగతిలో వ్యాకరణం, వరండాలో మాట. మూడవ ఏడు ఆసుపత్రిలో రోగులను ప్రశ్నించవలసి వచ్చినప్పుడు, ఎక్కడ నొప్పి అని అడగడానికి ఆ మెట్ల మీది భాషే అక్కరకు వచ్చింది. బోధన ఆంగ్లంలోనే అయినా రోగి బాధ చెప్పుకొనేది తన భాషలోనే. ఈ సంగతి కూడ ఏజెంట్ల కాగితాలలో ఉండదు.

కోవిడ్ కాలాన్ని గురించి చెప్పను. అందరి ఇళ్లలోను ఒక్కటే కథ.

2022 జనవరి 12న విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. తేదీ గమనించారా? సుబ్బారావుగారి జన్మదినం. నాలుగేళ్ల ముందు ఇది ఉంటేనా అని ఆ తండ్రి పేపరు చూచి నిట్టూర్చారు. సుమారు ఆరు వారాలకు, ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, ఖార్కివ్ మీద బాంబులు పడ్డాయి.

ఆ పిల్లలు వసతిగృహపు నేలమాళిగలో ఆరు రాత్రులు గడిపారు. నలుగురికి ఒక దుప్పటి. చివరి కడలై మిఠాయి పలకను అట్లకాడతో కొట్టి నాలుగు ముక్కలు చేసుకొన్నారు. మార్చి 1న కర్ణాటకకు చెందిన వైద్య విద్యార్థి ఒకడు అదే నగరంలో ఆహారం కోసం వరుసలో నిలుచుని దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. మరునాడు మన రాయబార కార్యాలయం భారతీయులందరూ వెంటనే నగరం విడిచిపొమ్మని ప్రకటించింది. వేలమంది పిల్లలు వలెనే వీరు కూడ పిసోచిన్ అనే పల్లెకు కాలినడకన బయలుదేరారు. పది కిలోమీటర్లకు పైబడిన దూరం. మొరాకో అమ్మాయి తన దేశస్థుల జట్టుతో వేరే దారి పట్టవలసి వచ్చింది. ఆమె పేరు మన జాబితాలో లేదు గదా. స్నేహానికి జాబితాలు తెలియవు గాని సరిహద్దులకు తెలుసు.

ఆపరేషన్ గంగ విమానాలలో వేలమంది భారతీయులు ఇల్లు చేరారు. మన అమ్మాయి వచ్చిన రాత్రి కోవిల్‌పట్టి స్టేషనుకు నేను పోలేదు. పోవడానికి ధైర్యం చాలలేదు. పంపమన్నది నేను. తెల్లవారి ఆమే బడికి వచ్చి, ప్రార్థన వేళ వెనుక వరుసలో నిలుచున్నది. ప్రార్థన ముగిసేదాకా ఆమె ఉన్నదని నాకు తెలియదు.

తర్వాతి కథ మీరు పత్రికలలో చదివినదే. ఆన్‌లైన్ తరగతులు, కోర్టులు, 2022 సెప్టెంబరులో వేరే దేశంలో చదువు ముగించుకొనే వెసులుబాటు. ఆమె జార్జియాలో ముగించినది. అక్కడ కూడ మొదటి వారమే వంటగదిలో వంతుల కాగితం అంటించినదట. స్వదేశంలో అర్హతా పరీక్ష మొదటి పర్యాయం తప్పింది, రెండవ పర్యాయం గట్టెక్కింది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తున్నది. మూడు ఎకరాలలో రెండు విడిపించారు, ఒకటి ఇంకా తాకట్టులోనే ఉన్నది. గుంటూరు అమ్మాయి కూడ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నది. శివకాశి అమ్మాయి పరీక్షకు చదువుతున్నది. మొరాకో అమ్మాయి ఫ్రాన్సులో ఉన్నది, ఆదివారాలు నలుగురూ ఫోనులో కలుస్తారు.

నేటి సభకు రమ్మని పిలిచాను. రాత్రి డ్యూటీ అన్నది. నేను ఏమి చెప్పాలి అని అడిగితే, “యుద్ధం సంగతి ఎక్కువ చెప్పకండి టీచర్, అది అందరికీ తెలుసు. జనవరి సంగతి చెప్పండి” అన్నది.

అందుకని తల్లిదండ్రులకు ఒక మనవి. నా గదిలో 2019 నుండి ఒక పుస్తకం ఉంచాను. విదేశాలకు గాని, దూరపు ఊళ్లకు గాని చదువుకు వెళ్లే మన పూర్వ విద్యార్థులు చేరిన మూడు నెలలలోగా తమతో కలిసి అన్నం తినే ఒక స్నేహితుని పేరు, నంబరు అందులో రాయించాలి. స్నేహితుడు మన కులం, మన భాష, మన ఊరు కానక్కర లేదు. మూడు నెలలు గడిచినా రాయించడానికి పేరు లేదంటే, ఆ రాత్రే నేను ఫోను చేస్తాను, మరునాడు ఉదయం మీ ఇంటికి వచ్చి మీకూ చెబుతాను. దాచను.

ఆ పుస్తకాన్ని నేడు హాలు ద్వారం దగ్గర, కాఫీ ఇచ్చే బల్ల పక్కన ఉంచాను. ఈ సంవత్సరం వెళ్లినవారి పేర్లు కొన్ని ఖాళీగా ఉన్నవి. పోయేటప్పుడు చూడండి. కలం దారంతో కట్టి ఉంది.